ఇల్మెనౌలో నా డోలక్ మీదికి దిగిన అభిషేకం

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను జర్మనీలోని ఇల్మెనౌలో ఒక తెలుగు చర్చి సంఘాన్నంతా ఉజ్జీవంలో ముంచేశాను. మరుసటి ఆదివారం అదే కుర్చీలో, అదే డోలక్ ఒళ్ళో పెట్టుకుని పరువంతా పోగొట్టుకున్నాను. ఎలాగో చెబుతాను. నవ్వొస్తే ఆపుకోకండి. ఆ రోజు నా మొహం మీదే నలభై మంది నవ్వారు, మీరు కొత్తగా చేసే అవమానం ఏమీ లేదు.

ఇది జరిగి ఏడేళ్ళయింది. అప్పటికి నాకు అరవై మూడే. తెలిసీ తెలియని వయసు.

మా అమ్మాయి గ్రేస్ అక్కడి యూనివర్సిటీలో ల్యాబులో పనిచేస్తుంది. దాని పిల్లను కీటాకు, అంటే పసిపిల్లల బడికి, దింపి తీసుకురావడం నా ఉద్యోగం. ఆ పిల్ల నాతో సగం జర్మన్‌లో మాట్లాడేది, ఆ సగానికి నేను తలూపి ఊరుకునేదాన్ని. ఆ ఊళ్ళో నాకు భాష రాదు, బస్సు టిక్కెట్టు కొనడం రాదు, ఏ చెత్త ఏ డబ్బాలో వెయ్యాలో ఇప్పటికీ తెలీదు. ఎక్కడికెళ్ళినా నేను ఫలానావాళ్ళ అమ్మను, ఫలానా పిల్ల అమ్మమ్మను. వారానికి ఒక్క గంటన్నర మాత్రం నేను నేనుగా ఉండేదాన్ని. ఆ గంటన్నర నా ఒళ్ళో డోలక్ ఉండేది.

ఆదివారం పొద్దున జర్మనీవాళ్ళ ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం మూడింటికి చర్చి పక్క హాలు మన తెలుగువాళ్ళకిచ్చేవారు. వచ్చేవాళ్ళంతా మాస్టర్స్ చదివే పిల్లలే. పాటలు నడిపించేది ప్రశాంత్ అని వరంగల్ కుర్రాడు. గిటారు వాయిస్తాడు, మంచి గొంతు. ఒకటే జబ్బు, ఫోన్లో పెద్ద పెద్ద చర్చిల వీడియోలు చూస్తాడు. చూసినప్పుడల్లా మా హాలు వాడి కళ్ళకు చిన్నదైపోయేది.

ఒక రోజు కూటమయ్యాక నా పక్కన చేరాడు.

"అమ్మమ్మా, ఏమనుకోవద్దు గనీ, మన వర్షిప్‌ల ఎనర్జీ లేదు."

"ఎనర్జీ అంటే ఏంటయ్యా? కరెంటా?"

"గది కాదు. జనంల ఊపు. పాటలప్పుడు మనోళ్ళు ఎట్ల నిలబడుతున్నరో చూసినవా? వీసా ఆఫీసుల టెర్మిన్, గదే అపాయింట్మెంట్ కోసం నిలబడ్డట్టే ఉన్నరు. సగం మంది చర్చిల బ్యాండ్ ఉన్నదని పక్క సిటీ ఎర్ఫర్ట్‌కు ట్రైనెక్కి పోతున్నరు. అందరు నన్నే అంటున్నరు."

"నన్నేం చెయ్యమంటావు? కర్ర పట్టుకుని తలుపు దగ్గర నిలబడనా?"

వాడు నేల చూపులు చూశాడు. "ఒక ప్యాడ్ ఉన్నది అమ్మమ్మా. నొక్కితే బీట్లు అదే వాయిస్తది. నీకు గూడ రెస్టు దొరుకుతది."

రెస్టు! ముసలివాళ్ళను కుర్చీలోంచి లేపడానికి ఇంతకంటే మెత్తని మాట ఎవరూ కనిపెట్టలేదు. నా ఒళ్ళోని డోలక్‌ను అప్పుడే ఎవరో లాక్కున్నట్టయింది.

"వచ్చే ఆదివారం చూడు," అన్నాను. "ఈ హాలును లేపకపోతే నీ ప్యాడ్ నువ్వు పెట్టుకో. నేను వెనక బెంచీలో కూర్చుని చప్పట్లు కొట్టుకుంటాను."

"మాటేనా?"

"మాటే."

ఇక ఆ వారమంతా సాధన. ఇంట్లో డోలక్ వాయిస్తే కిందింటావిడ చీపురు కర్రతో కప్పు పొడుస్తుంది కాబట్టి దిండు మీద వాయించాను. ఆదివారం తెల్లవారకముందే లేచి మళ్ళీ దిండు పట్టుకున్నాను.

"అమ్మా, పాపం ఆ దిండునొదిలెయ్యవే," అంది గ్రేస్. "కాసేపు పడుకో."

"చచ్చాక పోతాను నిద్ర," అన్నాను. దయచేసి ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మధ్యాహ్నం పులిహోర రెండు పళ్ళేలు తిని వెళ్ళాను. బలం కోసం. బయట మంచు పడుతోంది. తొందరేమీ లేనట్టు, ఎక్కడ వాలాలో ఆలోచించుకుంటూ పడే మంచు. హాలు కిటికీల రంగుటద్దాల్లోంచి వెలుతురు నేల మీదికి పాలల్లో కలిపిన రంగులా దిగుతోంది. నా కుర్చీ హీటరు పక్కన. అది సరిగ్గా కాగడం లేదని, హాలు తాళాలు చూసే షూల్జ్ గారు నా వెనకాల మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని బిగిస్తున్నారు. బిగించడం బాగానే బిగించారు. ఉన్నట్టుండి నా వీపుకు ఎవరో వెచ్చని దుప్పటి కప్పినట్టయింది.

ఇక్కడ మీకు రెండు సంగతులు చెప్పాలి.

మొదటిది, నేను అక్షరాలు దిద్దింది యాభై దాటాక. అప్పటికే పాటలన్నీ చెవుల్లోంచి నోట్లోకి వచ్చేసి ఉన్నాయి. తెర మీద చూసి పాడేవాళ్ళకు కళ్ళు కావాలి, నాకక్కర్లేదు. అందుకని నేనెప్పుడూ కళ్ళు మూసుకునే వాయిస్తాను. నా కళ్ళు మూసుంటే ఎవరూ ఏమీ అనుకోరు.

రెండోది, పెళ్ళికి ముందు నుంచీ ఇరవై ఏళ్ళు తణుకు దగ్గర బియ్యం మిల్లులో చేట పట్టాను. మిల్లులో ఆడవాళ్ళందరికీ ఒక విద్య వచ్చు. చెరుగుతూ చెరుగుతూ నిద్రపోవడం. మేస్త్రీ చేతులు చూస్తాడు కానీ కళ్ళు చూడడు. కాబట్టి కళ్ళు పడుకుంటాయి, చేతులు పనిచేస్తుంటాయి. ఒక్క గింజ కింద పడదు.

ఇప్పుడు మీకు అర్థమైపోయి ఉంటుంది. నాకు మాత్రం అప్పుడు కాలేదు.

ప్రశాంత్ పాట ఎత్తాడు. నేను తాళమందుకున్నాను. పల్లవి ఒకసారి, రెండుసార్లు. మూడోసారికి కిటికీ అవతల పడేది మంచు కాదు, ఊక. మిల్లు గొట్టంలోంచి ఎగిరొచ్చి, ఎండలో బంగారం పొట్టులా తిరుగుతూ, చప్పుడు లేకుండా అందరి తలల మీదా వాలుతోంది. పైకప్పు రేకు సందుల్లోంచి వెలుతురు వాసాల్లా వాలి ఉంది, ఒక్కో వాసంలోనూ తవుడు ధూళి ఈదుతోంది. నా పక్కన సీతారత్నం, కొప్పు నిండా తెల్లటి నూక, ఏదో రాగం తీస్తోంది. మాట వినపడదు, రాగమే. నా చేట గాలిలోకి లేస్తోంది, దిగుతోంది. ఎంత తేలిగ్గా ఉందని! నాకు మోకాళ్ళే లేవు. "లారీ వచ్చింది, కానివ్వండి, కానివ్వండి," అని మేస్త్రీ అరుస్తున్నాడు. బెల్టు వేగమందుకుంది, నా చేతులూ అందుకున్నాయి. ఇంతలో కరెంటు పోయింది. మిల్లంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టినట్టు నిశ్శబ్దం. ఊక మాత్రం ఇంకా రాలుతూనే ఉంది. మళ్ళీ కరెంటొచ్చింది. మెల్లగా, చాలా మెల్లగా బెల్టు కదిలింది. సీతారత్నం నా వైపు తిరిగి నవ్వింది. అది పోయి పదకొండేళ్ళయిందని నాకు అప్పుడు గుర్తు రాలేదు.

మిల్లు కూత పడింది. కళ్ళు తెరిచాను.

హాలు సద్దుమణిగి ఉంది. సగం మంది మోకాళ్ళ మీద ఉన్నారు. ఇద్దరమ్మాయిలు కళ్ళు తుడుచుకుంటున్నారు. ప్రశాంత్ మెడలో గిటారు వేలాడుతోంది, వాడు నన్ను చర్చి అద్దం మీది బొమ్మను చూసినట్టు చూస్తున్నాడు.

"నలభై నిమిషాలు అమ్మమ్మా!" అన్నాడు. "ఆపుదామని రెండుసార్లు నీ దిక్కు చూసిన. నీ మొహం చూస్తే ధైర్యం చాలలే. నీ మీద పరిశుద్ధాత్మ అభిషేకం ఉన్నప్పుడు ఎవడు ముట్టుకుంటడు? మధ్యల ఒక్కసారి స్పీడు పెంచినవు చూడు, అందరు ఎగిరిన్రు!"

లారీ వచ్చింది కదా, అనుకున్నాను.

"మళ్ళ టక్కున ఆపినవు! ఆ సైలెన్సుల అందరు ఏడ్చిన్రు!"

కరెంటు పోయింది కదా.

నేను మొహమాటం తెలియని మనిషిని. ఉన్న మాట అనేశాను. "నిద్రపోయానయ్యా."

వాడు చేతులెత్తి అందరి వైపూ తిరిగాడు. "విన్నరా? ఎంత తగ్గింపు మనసో చూడున్రి!"

ఒకసారి చెప్పాను. రెండోసారి చెప్పలేదు. నా తప్పంతా అక్కడే ఉంది. ప్యాడ్ ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు, నా కుర్చీ నాకు దక్కింది, నోరు దానంతటదే మూతపడింది.

మరుసటి ఆదివారం హాలు నిండిపోయింది. నలభై మంది. ఎర్ఫర్ట్‌కు వెళ్ళినవాళ్ళు వెనక్కి రావడమే కాదు, అక్కడివాళ్ళను కూడా ట్రైనెక్కించుకుని తెచ్చారు. అందరి చేతుల్లోనూ ఫోన్లు, అన్ని ఫోన్లూ నా వైపే.

వాయించాను. చాలా బాగా వాయించాను, ఒక్క దెబ్బ తప్పలేదు. ఎవరూ కదల్లేదు. బస్సు ఎప్పుడొస్తుందా అని చూసేవాళ్ళలా అభిషేకం కోసం చూస్తున్నారు.

ప్రశాంత్ నా చెవి దగ్గరికి వంగాడు. "అమ్మమ్మా, జర పోయిన వారం లెక్క..."

"ప్రయత్నిస్తున్నానయ్యా!"

నిజంగానే ప్రయత్నించాను. మూడు పళ్ళేల పులిహోర తినే వచ్చాను. కుర్చీని హీటరు దగ్గరికి ఇంకాస్త జరుపుకున్నాను. కళ్ళు గట్టిగా మూసుకుని మిల్లును పిలిచాను, మేస్త్రీని పిలిచాను, సీతారత్నాన్ని బతిమాలాను. నిద్ర రావాలని కూర్చుంటే ఎప్పుడైనా వస్తుందా? జీవితంలో ఎన్నడూ లేనంత మెలకువగా ఉన్నాను. గోడ గడియారం ముల్లు కదలడం కూడా వినిపించింది. ప్రశాంత్ నుదుటి మీద, ఆ చలికాలంలో, చెమట పట్టింది. వాడి గొంతు సన్నబడిపోతోంది. ఈ నలభై మందీ వచ్చే వారం మళ్ళీ రైలెక్కేస్తారని వాడి భయం. వాణ్ణి ఆ భయంలోకి తోసింది నేను.

డోలక్ మీద చెయ్యి ఆపేశాను.

"వినండి," అన్నాను. "పోయిన వారం నా మీదికి ఏమీ దిగలేదు. నేను పులిహోర తిని నిద్రపోయాను. మీరు ఎగిరింది లారీ కోసం, ఏడ్చింది కరెంటు పోయినందుకు. ఈ పిల్లవాడి తప్పేమీ లేదు. ఇక ఆ ప్యాడ్ తెచ్చుకోండి."

ఎవరూ నమ్మలేదు. ముందు వరుసలో ఒకమ్మాయి "ఎంత తగ్గింపో!" అని గుసగుసలాడింది. తల గోడకేసి కొట్టుకుందామనిపించింది.

తలుపు దగ్గర నిలబడ్డ షూల్జ్ గారికి ఏం జరుగుతోందో అర్థం కాలేదు. ముసలావిడ ఎందుకు అరుస్తోందని అక్కడే నిలబడి ఉన్న గ్రేస్‌ను అడిగారు. అది చెప్పింది. ఆయన అంతా విని, సాక్ష్యం చెప్పేవాడిలా ముందుకొచ్చి, గొంతు సవరించుకుని, అందరికీ వినబడేలా జర్మన్‌లో రెండు ముక్కలన్నారు. గ్రేస్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏమంటాడే?"

"పోయిన వారం నీ వెనకాలే ఉన్నాడట కదా..."

"ఊఁ, ఉన్నాడు. చెప్పి చావు."

"మొదటి నుంచి చివరిదాకా గుర్రు పెట్టావంట అమ్మా! తాళం తప్పకుండా పెట్టావంట. అది మన సంప్రదాయమేమో, మధ్యలో లేపితే మర్యాద కాదని ఊరుకున్నాడట."

ఒక్క క్షణం హాలు హాలంతా కరెంటు పోయిన మిల్లే. తర్వాత ప్రశాంత్ మొదలుపెట్టాడు. ముక్కులోంచి వచ్చిన నవ్వు గిటారు తీగల మీద పడింది. ఇక ఎవరూ ఆగలేదు. ఎర్ఫర్ట్ నుంచి వచ్చినవాళ్ళు బెంచీలు పట్టుకుని ఊగిపోయారు. ఏడ్చిన ఇద్దరమ్మాయిలూ ఈసారి నవ్వలేక ఏడ్చారు. ఏమీ అర్థం కాకుండానే షూల్జ్ గారు కూడా నవ్వారు. ఫోన్లన్నీ ఎప్పుడు జేబుల్లోకి పోయాయో తెలీదు. ఆ నవ్వు ఇంకా అణగకముందే వెనక నుంచి ఎవరో పాట ఎత్తేశారు. అందరూ అందుకున్నారు. గొంతులు కలవకుండా, తెర వైపు చూడకుండా, చప్పట్లు తోచినట్టు కొడుతూ. నా చేతులు ఎప్పుడు డోలక్ మీదికి వెళ్ళాయో నాకు తెలీదు, కానీ ప్రమాణపూర్వకంగా చెబుతున్నాను, కళ్ళు తెరిచే ఉన్నాయి. బయట మంచు పడుతోంది. మంచే. ఊక కాదు. అయినా ఒక్క క్షణం సీతారత్నం కొప్పు కనబడినట్టే అయింది.

పాటయ్యాక ప్రశాంత్ కళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు.

"ప్యాడ్ వద్దులే అమ్మమ్మా."

"ఏం? పాడైందా?"

"బాగానే ఉన్నది. గనీ, అది గుర్రు పెట్టదు."

కాబట్టి ఇది చదివే పెద్దలందరి ఎదుట, కుడిచెయ్యి డోలక్ మీద, ఎడమచెయ్యి గుండె మీద వేసి చెబుతున్నాను. వాద్యం ఒళ్ళో ఉండగా ఆరాధనలో నేనిక జన్మలో కన్ను మూయను. హీటరు దగ్గర కూర్చోను. పులిహోర ఒక్క పళ్ళేనికి మించి ముట్టను.

ప్రసంగం సంగతి అడక్కండి. అప్పుడు నా ఒళ్ళో డోలక్ ఉండదు.