ఆయ్ అన్న పాపానికి

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టడానికి నాకింకా వయసు చాలదని మా ఆవిడ అంటుంది. నా జుట్టు మాత్రం ఎప్పుడో నెరిసి ఆ వయసు ఒప్పేసుకుంది గానీ, నిజానికిది మరీ అంత పాత సంగతి కాదు. అప్పటికే ఫోన్లున్నాయి, రీల్సున్నాయి, మాకు బుద్ధి ఒక్కటే లేదు. రాజమండ్రిలో ఒక పెయింట్ల షాపులో రంగులు కలిపే నేను, మా మేనత్త కొడుకు బావ, హైస్కూల్లో లెక్కలు చెప్పే మాస్టారు, ముగ్గురం కలిసి ‘నారుమడి’ అని ఒక బ్యాండు పెట్టుకున్నాం. బావ గిటారు వాయిస్తూ పాడేవాడు, మాస్టారిది బేస్ గిటారు, నాది డ్రమ్స్. అమ్మమ్మల కాలం నాటి నాట్ల పాటలూ పడవ పాటలూ తీసుకుని వాటికి గిటార్లు తగిలించడం మా పని. శని ఆదివారాలొస్తే చాలు, తలుపు పడాలంటే ఒకరు లోపల్నుంచి లాగి ఒకరు బయట్నుంచి తన్నవలసిన ఒక పాత వ్యానులో తుని నుంచి భీమవరం దాకా తిరిగేవాళ్లం. కాలేజీ ఫంక్షన్లు, రిసార్టులు, ఒకసారి రొయ్యల మేత అమ్మేవాళ్ల మీటింగు కూడా (అక్కడ మా పాటలకన్నా రొయ్యల ఫొటోలకే చప్పట్లు ఎక్కువ పడ్డాయి). అయినా అలుపనేది తెలిసేది కాదు. సోమవారం పొద్దున్న నిద్రమొహంతో ఐవరీ అడిగినవాడికి క్రీము కలిపి ఇచ్చేవాణ్ని, అంతే.

అలా రెండేళ్లు తిరిగాక మా మొదటి ఆల్బమ్ రికార్డింగు ధవళేశ్వరంలో ఒక మేడ మీద స్టూడియోలో మొదలైంది. ఎనిమిది పాటల్లో ఏడు చకచకా అయిపోయాయి. ఎనిమిదోది ఒక నాట్ల పాట. ‘వంగి నాటితినమ్మ వానల్లు కురియ, నడుమెత్తి చూస్తేను పొద్దెంతొ ఉన్నాది’ అని మొదలవుతుంది. మా అమ్మమ్మ నోట విని బావకి నేర్పింది నేనే. ఆల్బమ్‌కి పేరు కూడా దాన్నుంచే పెట్టాం. తీరా ఆ పాటే కుదరలేదు. చెవిలో పెట్టిన యంత్రం టిక్కు టిక్కుమని లెక్క చెబుతుంటే నా చేతులు దానికన్నా ముందు పోయేవి. ‘ఎక్కడికిరా ఆ పరుగు? వెనకాల కుక్కేమన్నా పడిందా?’ అని బావ. ‘చరణానికి రెండు సెకన్లు మిగులుస్తున్నావోయ్. పొదుపు మంచిదే గానీ ఇక్కడ కాదు’ అని మాస్టారు. నాలుగు రోజులు అలా గడిచాక శుక్రవారం నాడు బావ నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి, ‘సోమవారం వైజాగ్ నుంచి ఒక డ్రమ్మర్ వస్తాడు. ఈ ఒక్క పాటకేరా. ఏమీ అనుకోకు’ అన్నాడు. ఏమీ అనుకోకు అన్నారంటే అనుకోవలసింది చాలా ఉందన్నమాట. ‘అలాగే బావా, దాన్దేముంది’ అని నవ్వి, బ్యారేజీ మీద నుంచి బండి తోలుకుంటూ ఏడ్చాను. మా అమ్మమ్మ పాట ఇంకెవడో వాయిస్తాడు, నేను పక్కన నిలబడి వింటానన్న ఆలోచన అన్నం తిననివ్వలేదు.

ఇదిలా ఉండగా, అంతకు వారం ముందు నేను చేసిన ఒక ఘనకార్యం ఆదివారం నాడు బయటపడింది. మా బ్యాండుకి వచ్చే ఫోన్లన్నీ నేనే మాట్లాడేవాణ్ని. మాది కోనసీమ. మావైపు ‘ఆయ్’ అంటే అవునని అర్థం. వింటున్నానని కూడా అర్థం. మీరు పెద్దవారు, నేనేమీ అడ్డు చెప్పను అని కూడా అర్థం. ఆ రోజు రావులపాలెం అవతల నుంచి ఒక రైతు బాబాయిగారు ఫోన్ చేసేసరికి నేను ఒక చేత్తో రంగు డబ్బా పట్టుకుని, రెండు గోడలకి రెండు రంగులు కావాలంటున్న మొగుడూ పెళ్లాల మధ్య నలుగుతున్నాను. ‘మీది బ్యాండేనాండి?’ ఆయ్. ‘పాతపాటలు వాయిస్తారని మా అమ్మాయి వీడియో చూపించిందండి.’ ఆయ్. ‘మా షష్టిపూర్తికండి. ఊరేగింపు గుడి కాడ మొదలెట్టి కాలవ వంతెన దాకా ఎల్దామండి.’ ఆయ్. ‘కోట్లు మేం తెప్పిస్తామండి, ఎర్రవైతే బాగుంటాయి కదండి?’ ఆయ్. మళ్లీ చెబుతున్నాను, నేను వింటున్నానని మాత్రమే చెప్పాను.

ఆదివారం మధ్యాహ్నం వ్యాను దిగేసరికి స్టేజీ లేదు. అరుగు మీద మూడు ఎర్ర కోట్లు మడతపెట్టి ఉన్నాయి. భుజాల మీద జరీ కుచ్చులు, పక్కన మూడు టోపీలు. పక్క ఊరి పెళ్లి మేళం వాళ్ల దగ్గర అరువు తెచ్చారట. ‘సన్నాయి ఆయన ఎనకాల వస్తన్నారాండి?’ అని బాబాయిగారు వ్యానులోకి తొంగిచూశారు. బావ నన్ను పక్కకి లాగి, ‘ఎవర్రా దీనికి ఒప్పుకుంది?’ అన్నాడు. బాబాయిగారే అందుకుని, ‘ఈ అబ్బాయేనండి. అన్నిటికీ ఆయ్, ఆయ్ అన్నాడు. ఎంత మర్యాదో’ అని నా భుజం తట్టారు. బావ వ్యాను తాళం తీశాడు. వెళ్లిపోయేవాళ్లమే. అంతలో బాబాయిగారి భార్య, పట్టుచీరలో పిన్నిగారు, మజ్జిగ గ్లాసులు పట్టుకుని వచ్చింది. ‘మా పెళ్లికి వరదొచ్చింది బాబూ. నన్ను పడవెక్కించి తెచ్చేశారు. ఊరేగింపూ లేదు, మేళమూ లేదు. పడవవాడొక్కడే చూశాడు నా పెళ్లి. ఇన్నేళ్లకి ఈయన ఒప్పుకున్నారు’ అంది. బావ తాళం జేబులో వేసుకుని, మజ్జిగ తాగి, కోటు తొడుక్కున్నాడు. మాస్టారికి కోటు మోచేతుల దగ్గరే ఆగిపోయింది. తన స్కూలు పిల్లలెవరూ ఈ ఊళ్లో లేరు కదా అని మూడుసార్లు అడిగారు.

డ్రమ్స్ నడవలేవు కాబట్టి వాటినీ నన్నూ జనరేటరునీ ట్రాక్టరు ట్రక్కులో ఎక్కించారు, వెనక్కి తిరిగి కూర్చునేలా. బావా మాస్టారూ వైర్ల పొడవు మేరకే తిరగగలిగి, తాడు కట్టిన దూడల్లా ట్రక్కు వెనకాల నడిచారు. వాళ్ల వెనక పూలు కట్టిన జీపులో దంపతులు. అయిదు పాటలు బాగానే నడిచాయి. ఆరోది ఆ నాట్ల పాట. రెండో చరణానికి నా చేతులు యథాప్రకారం పరుగందుకున్నాయి. ట్రాక్టరు తోలేవాడు రసికుడు, దరువుకి తగ్గట్టు వేగం పెంచాడు. వైర్లు ఊడిపోకుండా బావా మాస్టారూ పరుగు లంకించుకున్నారు. నేను కళ్లు మూసుకుని వాయిస్తున్నాను. తెరిచి చూస్తే జీపు ఎక్కడో కనుచూపు మేర చివర, చిన్న పూలబుట్టంత ఉంది. ‘ఆపండ్రా, ఊరేగేది మేమా మీరా!’ అని బాబాయిగారి కేక వినపడింది.

ట్రాక్టరు ఆగింది. పిన్నిగారు జీపు దిగి, చీర కుచ్చెళ్లు పట్టుకుని నడుచుకుంటూ నా దగ్గరకే వచ్చింది. తిడుతుందనుకున్నాను.

‘నాట్లు ఎప్పుడన్నా చూశావా బాబూ?’

‘లేదండి. మా అమ్మమ్మ పాడుతుంటే విన్నానండి.’

‘కూర్చుని పాడుంటుంది. నాట్లేసేవాళ్లు ముందుకు నడవరు నాయనా, వెనక్కి నడుస్తారు. నాటు పెట్టాక బురదలోంచి కాలు ఊడి రావాలా వద్దా? అది ఊడేదాకా రెండో నాటు పడదు. పెళ్లయిన కొత్తలో నేనూ దిగేదాన్ని. నువ్వు మడిలో కాదు, రోడ్డు మీద వాయిస్తన్నావు’ అని, ఆ పట్టుచీరతోనే వంగి రోడ్డు మీద నాటు పెట్టి చూపించింది. చెయ్యి కిందకి, ఒక ఆగుడు, కాలు వెనక్కి. చెయ్యి కిందకి, ఒక ఆగుడు, కాలు వెనక్కి. నేను ఆవిడ కాలు చూసి వాయించాను. అది కదిలేదాకా నా చెయ్యి లేవలేదు. బావ రెండు లైన్లు పాడి, పాట మరిచిపోయి నావంక చూశాడు. అక్కడ నుంచి వంతెన దాకా ఆ ఒక్క పాటే వాయించాం. నలుగురు ఆడవాళ్లు వచ్చి పిన్నిగారితో గొంతు కలిపారు. ఆవిడ మళ్లీ జీపెక్కనే లేదు. బాబాయిగారు ఒక్కరే మెడనిండా దండతో వెనకాల ఊరేగారు.

తిరుగు ప్రయాణంలో రావులపాలెం వంతెన మీద బావ ఆ వైజాగ్ డ్రమ్మర్‌కి ఫోన్ చేశాడు. ‘రేపు రావద్దులే తమ్ముడూ. మావాడున్నాడు’ అన్నాడు, అంతే. నేను కిటికీలోంచి గోదారి చూస్తున్నట్టు మొహం తిప్పుకున్నాను. సోమవారం ఆ టిక్కు టిక్కు యంత్రం తీసి పక్కన పెట్టించాం. పాట రెండోసారికే కుదిరింది.

ఆ ఆల్బమ్ మమ్మల్ని ఎక్కడికో తీసుకెళ్లిపోయిందని అబద్ధం చెప్పను. ఇప్పటికీ అదే వ్యాను, అవే ఊళ్లు. కానీ ఆ పాట వాయించింది నేనే. అందుకు పిన్నిగారికి నేను ఎంత రుణపడ్డానో చెప్పలేను. ఫోన్లో పాట పెట్టుకుని వినిపించడానికి వెళితే, ఆవిడ కళ్లు మూసుకుని చివరిదాకా విని, ‘గట్టెక్కావు బాబూ’ అంది. అప్పుడు నాకు పాతికేళ్లు. ఏ ఊరు చేరాలని చేతులు అంత పరిగెత్తేవో నాకే తెలీదు. ఆ కుర్రాడు ఇప్పుడు ఎదురైతే ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చి, ‘కాసేపు కూర్చోరా, కాలు ఊడి రానీ’ అంటాను. వాడు మాత్రం వింటాడా!