బాపు దాచిన కరెంటు

ఎవరింట్లోనైనా పట్టపగలు బల్బు వెలుగుతుంటే చూసినవాళ్లు "ఎందుకమ్మా దండగ, ఆర్పరాదా" అంటారు. నేను అనను. కరెంటును పొదుపు చేసిన ఇంట్లో పెరిగినదాన్ని నేను. ఆ ముచ్చట తలుచుకుంటే ఇంత వయసొచ్చినా కడుపు మండుతుంది. ఎవరి మీద మండాలో మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేదు.

మాది నల్లగొండ జిల్లాలో ఒక నేతగాళ్ల వాడ. ఇంట్లో నలుగురం: బాపు, అమ్మ, బాపును కన్న అవ్వ, నేను. ముందరి అర్రలో గుంట మగ్గం. బాపు చీరలు నేసేవాడు. అమ్మది అంతకంటే కంటికి కష్టమైన పని. మగ్గం మీది పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోవస్తే, దాని చివరి పోగులకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే కలిపి, వేళ్లకు బూడిద అద్దుకుని, మెలిపెట్టి అతకాలి. వేల పోగులు. ఒక్కటి తప్పినా చీర పొడుగునా గీత పడుతుంది. అమ్మ అతికిన పడుగులో గీత పడిందన్న మాట వాడలో ఎవరూ వినలేదు. పక్క ఊళ్ల నుంచి కూడా పిలుపులొచ్చేవి. ఎవరైనా పొగిడితే "ఆ, పోనియ్యిండ్రి" అనేది గాని, ఆ పూట కొప్పు కాస్త బిగించి ముడుచుకునేది. అమ్మకు ఉన్న గర్వమల్లా ఆ పని ఒక్కటే.

మాకు నూలు ఇచ్చేదీ, నేసిన చీరలు తీసుకుని కూలి ఇచ్చేదీ షావుకారు. గ్యాసునూనె దుకాణం కూడా ఆయనదే. కిరసనాయిలును మేం గ్యాసునూనె అనేవాళ్లం. చీరలు అప్పజెప్పిన ప్రతిసారీ కూలిలోంచి ఒక సీసా నూనె ఖరీదు కోసుకునేవాడు. సీసా తీసుకున్నా కోతే, తీసుకోకున్నా కోతే. ఇందులో మోసమేం లేదు, వాడంతా ఒప్పుకున్న పద్ధతి. ఎండకాలం పొద్దు పెద్దది, దీపంతో పని తక్కువ. అప్పుడు తీసుకోని సీసాలు దుకాణంలో మా పేరు మీద నిలవుండేవి. వానకాలం గుంటలోకి నీళ్లు ఊరి మగ్గం ఆగిపోయేది, కూలి ఉండేది కాదు. నిలవున్న నూనె అప్పుడు ఇంటికొచ్చేది. పెండ్లిచీరల సీజన్‌లో పొద్దుగూకినా మగ్గం దిగే వీలుండదు, అప్పుడూ ఆ నూనే ఆదుకునేది. చేతిలో పైసా లేని దినాల్లో కూడా మా ఇల్లు చీకటి కాలేదంటే ఆ కోత పుణ్యమే.

బాపు ఆ లెక్కను పోగు మీద పెట్టుకునేవాడు. మగ్గం గుంజకు ఒక తెల్లపోగు వేలాడేది. దుకాణంలో సీసా వదిలేసి వస్తే దానికి ఒక ముడి వేసేవాడు, తెచ్చుకున్ననాడు ఒక ముడి విప్పేవాడు. షావుకారు చెప్పే లెక్కకూ బాపు పోగుకూ ఏనాడూ తేడా రాలేదు.

ఆ రోజుల్లోనే అమ్మ కళ్లు సతాయించడం మొదలైంది. బుడ్డిదీపం దగ్గర పెట్టుకుంటే పొగ, దూరం జరిపితే పోగు ఆనదు. పొద్దున లేచేసరికి రెప్పలు అంటుకుపోయి ఉండేవి. తడిగుడ్డతో తుడుచుకుని, ఏమీ కానట్టు పొయ్యి ముట్టించేది. బాపు చూడనట్టే ఉండేవాడు, కానీ అన్నీ చూసేవాడు.

మా వాడకు కరెంటు స్తంభాలొచ్చిన ఏడు, ఉగాది వెళ్లిన కొన్నాళ్లకు, బాపు ఎవరితోనూ చెప్పకుండా వెళ్లి ఒక బుగ్గకు ఒప్పుకొని వచ్చాడు. బుగ్గ అంటే బల్బే. అవ్వ లంకించుకుంది. "మీ అయ్య ఎలిగిచ్చిండారా? మీ తాత ఎలిగిచ్చిండా? నీకెందుకురా గీ షోకు?"

"షోకు కాదే అవ్వా. దాని కండ్లు పోతున్నయ్. అది అతకకుంటే నేను నేసుడెక్కడిది?" అన్నాడు బాపు.

అమ్మ వంటింట్లోంచి ఆ మాట విన్నది. కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది ఆ పూట.

బుగ్గ పెట్టిన సాయంత్రం దాన్ని చూడటానికి ఇరుగుపొరుగు అంతా మా అర్రలో చేరారు. బాపు మొక్కి బటను వేశాడు. అమ్మ ఎవరినీ పట్టించుకోకుండా నేరుగా మగ్గం దగ్గరికి పోయి పడుగు మీదికి వంగింది. "అబ్బ! పోగుకు పోగు ఇడిసి కనవడ్తాంది సూడుండ్రి!" అని చిన్నపిల్లలా అరిచింది. అమ్మ అంత గట్టిగా సంతోషపడటం నేను చూసింది అదే.

మర్నాడు సాయంత్రం బుడ్డిదీపమే వెలిగింది. ఆ తర్వాతా అంతే.

దానికి కారణం ఇదీ. కరెంటు బిల్లులు వాడ మొత్తానికీ షావుకారే కట్టి, ఎవరిది వాళ్ల కూలిలో కోసుకునేట్టు మాట్లాడుకున్నారు. "ఎలిగిచ్చినా ఎలిగియ్యకున్నా నెలకు గింతైతే కట్టుడే. ఎక్కువ కాలిస్తే ఎక్కువైతది" అని ఆయన ముందే చెప్పాడు. నూనె కోత ఇక ఆపేస్తానని, నిలవున్న సీసాలు మాత్రం కావాల్సినప్పుడు పట్టుకపొమ్మని కూడా అన్నాడు. అదే షావుకారు, అదే దుకాణం అరుగు, అదే కోత. వాడుకున్నా వాడుకోకున్నా డబ్బు కోస్తున్నాడంటే, వాడుకోనిది మన పేరు మీద నిలవుంటుందనే గదా అర్థం? బాపు అట్లాగే అనుకున్నాడు. ఆయన పుట్టి బుద్ధెరిగిన కాడినుంచి ఆ అరుగు మీద జరిగిందంతా అదే మరి.

"దుకాణంల నూనె ఉన్నది, ముందుగాల గా నూనె కరగనియ్యి" అని అమ్మకు చెప్పాడు. "మన కరెంటు నెలనెలా జమైతనే ఉంటది. సీజన్‌కు పొద్దుగూకంగనే బటను ఎయ్యి, ఎంతసేపన్న కాలనియ్యి. కండ్లకు నీళ్లు రావు, పొగుండది. ఏ ఫికరుండది నీకు."

మగ్గం గుంజకు తెల్లపోగు పక్కన ఒక ఎర్రపోగు కట్టాడు. బుగ్గ వెలగని ప్రతి నెలకూ దానికి ఒక ముడి. నేను రోజూ ఆ ముడులను తడిమి చూసుకునేదాన్ని. మా ఇంట్లో ఇంత వెలుతురు దాగి ఉందని మురిసిపోయేదాన్ని.

బుగ్గ పెట్టించుకున్న మిగతా ఇళ్లవాళ్లు రోజూ వెలిగించుకునేవాళ్లు. రేపన్నది లేకుండా తగలేస్తున్నారని బాపుకు వాళ్ల మీద జాలి. పైసలు కట్టి కూడా వెలిగించుకోని పిసినారి అని వాళ్లకు బాపు మీద నవ్వు. ఎందుకు వెలిగించవని వాళ్లూ అడగలేదు, ఎందుకు దాచుకోరని ఈయనా అడగలేదు. ఒక్క మాట, ఒక్కరు అడిగి ఉంటే! తలుచుకుంటే నాకు వాడంతటి మీదా కోపమొస్తుంది.

అవ్వ మాత్రం ఊరుకునేది కాదు. "ఏమిరా, బుగ్గకు దిష్టి తగుల్తదని దాస్తున్నవా? ముసుగన్న కప్పరాదు!" అని ఎత్తిపొడిచేది. బాపు నవ్వి పడుగు సర్దుకునేవాడు.

ఆ వానకాలంలో ముసురు పట్టి పగలే అర్ర చీకటైంది. పక్క ఊరివాళ్లు ఇంటికి తెచ్చిచ్చిన పడుగు ఒకటి అమ్మ అతుకుతోంది. దీపం పొగకు కళ్లు నలుపుకుని నలుపుకుని, ఒక్కసారి లేచి బటను మీద చెయ్యి పెట్టింది. నేను పక్కనుంచి చూస్తున్నాను. అమ్మ ఎర్రపోగు వైపు చూసింది, చెయ్యి తీసేసింది. "సీజన్ల కావాలె గద బిడ్డా" అని నాకే సంజాయిషీ చెప్పినట్టు చెప్పి, మళ్లీ దీపం ముందు కూర్చుంది.

పెండ్లిచీరల నూలు వచ్చింది. బాపు గోడలకు సున్నం వేశాడు, బుగ్గ మీది దుమ్ము తుడిచాడు. పొద్దుగూకుతుండగా అమ్మను పిలిచి కొత్త పడుగు ముందు కూర్చోబెట్టి, "ఇగ నీ ఇష్టం" అని బటను వేశాడు. అర్రంతా తెల్లగా వెలిగింది.

అమ్మ వేళ్లకు బూడిద అద్దుకుంది. వంగింది. ఇంకా వంగింది. "బుగ్గ జర కిందికి దించు" అంది. బాపు తీగెను సుతిలితాడుతో కట్టి దించాడు. "ఇంక జర." ఇంకా దించాడు. బుగ్గ ఆమె తలకు తగిలేంత దగ్గరికొచ్చింది. అమ్మ చాలాసేపు పోగుల్లో వెతికి, చేతులు ఒళ్లో పెట్టేసుకుంది.

"ఎలుతురు మస్తున్నది," అంది. "పోగే కనవడ్తలేదు."

నార్కట్‌పల్లి కాడ బస్సు మారి నల్లగొండ దవాఖానకు తీసుకుపోయాడు బాపు. ఎప్పటినుంచో ముదురుతున్న జబ్బు అన్నాడట డాక్టరు. దీపం పొగ కొంత చెరుపు చేసి ఉంటుంది గాని, ఒక్క దానివల్లనే అని చెప్పలేనన్నాడట. అద్దాలు రాసిచ్చాడు. వాటితో మనుషుల మొహాలు తెలిసేవి, అన్నంలో రాయి తెలిసేది. పోగు తెలియలేదు. ఒక్క పొగవల్లనే అని చెప్పలేనన్న మాటను బాపు ఏనాడూ నమ్మలేదు. పొగే చెరిపిందని, తప్పంతా తనదేనని అనుకుంటూనే ఉండిపోయాడు.

ఆ సీజన్‌కు పక్కింటి వదినెకు కూలి ఇచ్చి పడుగు అతికించుకున్నాం. బుగ్గ పొద్దుగూకంగానే వెలిగేది, బాపు దాని కింద నేసేవాడు. చీరలు అప్పజెప్పడానికి పోతూ గుంజకున్న ఎర్రపోగు విప్పి జేబులో పెట్టుకుపోయాడు. తిరిగొచ్చి గడపలోనే కూర్చున్నాడు. ఎంత పిలిచినా లేవలేదు. చివరికి చెప్పాడు. కోత చాలా ఎక్కువైంది. మా నిలవ కరెంటు ఏదని ముడులు చూపిస్తే షావుకారుకు మొదట అర్థమే కాలేదట. అర్థమయ్యాక నవ్వలేదట కూడా.

"నూనె అంటే డబ్బాల ఉంటది, ఉంచిన. కరెంటు నేను ఏడ ఉంచాలె? ఎలిగిచ్చిననాడే నీది. గా నెలలు కట్టింది, తీగె నీ ఇంట్ల ఉన్నందుకు" అన్నాడట.

అవ్వ నోరు తెరిచి, అమ్మను చూసి మూసుకుంది. బాపు ఎర్రపోగును పొయ్యిలో వేయబోయాడు. "ఇటు తే" అని అమ్మ చెయ్యి చాపింది. పోగు ఒళ్లో పెట్టుకుని, వేళ్లతో తడుముతూ ముడులు విప్పడం మొదలుపెట్టింది. కళ్లకు ఆనని పోగు ఆ వేళ్లకు బాగానే తెలుస్తోంది.

"గట్టిగనే ఏసినవ్" అంది.

బాపు తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. అమ్మ ఓదార్చలేదు, తిట్టనూ లేదు. చివరి ముడి కూడా విప్పి, ఆ పోగును రెండు ముక్కలు చేసి నా చేతిలో పెట్టింది.

"బటను ఎయ్యి," అంది బాపుతో. బయట ఇంకా ఎండ పోలేదు. "గిప్పుడే ఎయ్యి. పిల్ల అతుకుడు నేర్సుకోవాలె."

బాపు లేచి బటను వేశాడు. అమ్మ నా వేళ్లకు బూడిద రాసి, నా వేళ్ల మీద తన వేళ్లు పెట్టి, మెలి ఎట్లా తిప్పాలో చూపించింది. ఆనాటినుంచి మా ఇంట్లో పొద్దుగూకకముందే బుగ్గ వెలిగేది. దాని కింద నాకు ఒక్కో పోగు స్పష్టంగా కనిపించేది. అమ్మ పక్కనే కూర్చుని, "ఎందాక అచ్చింది బిడ్డా?" అని అడుగుతుండేది.