పడవ ముక్కున వలలు

కోపమొస్తే పోలేరయ్య అరుపుకి మైపాడు అల కూడా సగంలో ఆగి చూస్తుంది, నమ్మండి. ఆ పొద్దు అరిచింది బామ్మర్ది సుబ్బు మీద. రెండిళ్ళకీ కూడు పెట్టే పడవని మరమ్మతుకి నెల్లూరు తీసకపోవాలని ట్రాలీకెక్కించి, పికప్ కొక్కేనికి తగిలించి, తడి వలలన్నీ సుబ్బు పికప్ వైపుండే పడవ ముక్కున కుప్పేసినాడు. పికప్ వెనక కుంగి, ముందు చక్రాలు తేలిపోతున్నాయి.

“వల ముక్కునుండేది మన ఆనవాయితీ బావా! కొక్కెం మీద రెండు టన్నులని రాసుందిగా!”

“అది లాగే బరువురా! పక్కనే రెండొందల కిలోలని ఉండేది కనపళ్ళా? కొక్కెం మీద మోపేది అంతే! నీ ఆనవాయితీ నీళ్ళల్లో చూపించు. మలుపులో బండి తిరక్కపోతే పడవ కాలవలో, రెండిళ్ళూ రోడ్డున!”

పోలేరయ్య వలలన్నీ తనే ట్రాలీ చక్రాల మీదికి వచ్చేట్టు వెనక్కి ఈడ్చినాడు. పికప్ వెనక జానెడు లేచింది. సుబ్బు బండి తాళం కోసం చెయ్యి చాపినాడు.

పోలేరయ్య తాళం జేబులో వేసుకుని, “నువ్వు బస్సులో రా” అన్నాడు.