పదమూడు దిండు గలీబులు

మణికట్టు పట్టుకుని నాడి చూస్తున్నట్టు కనిపిస్తూ, నిజానికి ఊపిరి లెక్కపెట్టడం నర్సుల వృత్తిలో పాత ఎత్తు. "ఇప్పుడు మీ ఊపిరి లెక్కపెడతాను" అని చెప్పారంటే ఇక ఏ మనిషీ మామూలుగా ఊపిరి తీయలేడు. ఫొటో తీస్తామంటే మొహం బిగుసుకుపోయినట్టే ఇదీను. అందుకని చెయ్యి మణికట్టు మీద ఉంటుంది, చూపు గడియారం మీద ఉంటుంది, ధ్యాస మాత్రం దుప్పటి లేచి దిగడం మీద ఉంటుంది. తిరిగిన ఊళ్లన్నిటా ఎక్కడో ఒకచోట జబ్బుపడే అలవాటు వల్ల ఈ ఎత్తుకు నేను చాలాసార్లు దొరికిపోయాను. పెద్ద సిస్టరంత బాగా నటించిన మనిషిని మాత్రం ఇంకెక్కడా చూడలేదు.

ఆమె వార్డు మూడో అంతస్తులో చిట్టచివర ఉండేది. ఎనిమిది మంచాలు, పడమటి వైపు రెండు కిటికీలు, గోడలో ఆక్సిజన్ గొట్టాలు. ఊపిరి జబ్బు, మనసు జబ్బు కలిసి ఉన్నవాళ్లను అక్కడ పెట్టేవారు. ఛాతీ వార్డువాళ్లు వీళ్ల మాటలకు బెదిరేవారు. మానసిక వార్డువాళ్లు వీళ్ల దగ్గుకు బెదిరేవారు. ఎవరికీ అక్కర్లేని వాళ్లందరూ కలిసి ఒక గదిలో ఎంత హాయిగా ఉండవచ్చో నాకు అక్కడే తెలిసింది. నాకు ఉబ్బసం, దానికి తోడు ఉబ్బసం వస్తుందేమోనన్న బెంగ. రెండింట్లో ఏది ముందు వచ్చేదో నేనే చెప్పలేకపోయేవాణ్ని, అందుకని నాకూ ఒక మంచం దొరికింది.

పెద్ద సిస్టరుకు యాభై ఎనిమిదేళ్లు. పొట్టి మనిషి, దళసరి కళ్లద్దాలు, చప్పుడు చేయని చెప్పులు. ఇంకో నాలుగు నెలల్లో ఉద్యోగ విరమణ. చిన్నప్పుడు వాళ్లమ్మకు ఉబ్బసం ఉండేదట. తల్లి కిటికీ దగ్గర దిండ్లకు ఆనుకుని కూర్చుంటే, ఈ పిల్ల ఎదురుగా కూర్చుని ఆమె ఊపిరి లెక్కపెట్టేది. నిమిషానికి ముప్పై దాటితే ఆ రోజు బడి లేనట్టే. "లెక్కల్లో ఎప్పుడూ తప్పేదాన్నే, అరవై దాకా లెక్కపెట్టడం మాత్రం నాకంటే బాగా ఎవరికీ రాదు" అనేది. వాళ్లాయన బస్సు డ్రైవరు. ఒకసారి భోజనం క్యారియరు తెచ్చి, నా మంచం పక్కన కూర్చుని చెప్పాడు:

"పెళ్లైన కొత్తలో రాత్రిపూట నా చెయ్యి పట్టుకునేది సార్. ప్రేమే అనుకున్నా. ఓ నిమిషం అయ్యాక 'పధ్నాలుగు, బానే ఉంది' అని అటు తిరిగి పడుకుంది."

నా పక్క మంచం టైలరుది. అరవై దాటిన వయసు, సన్నటి వేళ్లు, ముప్పై ఏళ్ల పొగ పీల్చుకుని బిరుసెక్కిన ఊపిరితిత్తులు. పాతికేళ్లప్పటినుంచీ ఆయనకు ఒక గొంతు వినిపించేది. దానికి ఆయన 'కింది పోర్షనాయన' అని పేరు పెట్టాడు. నిజానికి వాళ్లుండేదే కింది పోర్షను. ఇరవై ఏళ్లుగా వాడుతున్న మాత్ర వల్ల ఆ గొంతు సణుగుడు స్థాయికి దిగింది. పెళ్లి చేసుకోని చెల్లెలే ఆయన్ని చూసుకునేది. పుస్తకాలు బైండింగు చేసే చోట ఆమెకు పని. గోళ్ల చుట్టూ ఎప్పుడూ జిగురు ఎండి తెల్లగా ఉండేది.

పెద్ద సిస్టరు మాట్లాడే తీరులో ఒక విశేషం ఉంది. ఆయాసపడే మనిషితో ఆమె ఎప్పుడూ "కంగారుపడకు" అనేది కాదు. తానే స్టూలు లాక్కుని కూర్చుని, వాళ్ల పనిని గురించి అడిగేది.

"అన్నా, సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు ఊపిరి బిగబడతావా?"

"బిగబడితే చెయ్యి వణుకుతుంది సిస్టరమ్మా. మెల్లగా వదలాలి. పెదాలు దగ్గర పెట్టి, సన్నగా."

"అయితే ఆయాసం వచ్చినప్పుడు దారం ఎక్కిస్తున్నావనుకో."

ఆ రోజునుంచి వార్డులో అందరం లేని సూదుల్లోకి లేని దారాలు ఎక్కించాం. నిజంగానే పనిచేసింది.

టైలరుచేత సిగరెట్లు మానిపించడం అంత సులువు కాలేదు. రోజుకు ముప్పై. దాక్కుని మెట్ల దగ్గర కాల్చేవాడు. పెద్ద సిస్టరు బేరం పెట్టింది: కాల్చాలని నాలుక పీకినప్పుడల్లా ఒక సూది, దారం, వార్డులోని చిరిగిన దిండు గలీబు ఇస్తుంది. అంచు మడిచి కుట్టాలి. కుట్టగానే సూది తిరిగి ఆమె చేతికి రావాలి, అలాంటి వార్డులో సూదికి కాపలా తప్పదు. రోజంతా కుట్టేది ఒక్క గలీబే, దాని మూలన తేదీ చెరగని సిరాతో ఆమే వేసేది, లేకపోతే లాండ్రీలో మాయమైపోతాయి.

ఆశ్చర్యం, ఆయన మానేశాడు. మొదటి వారం అంతా ఆమెకు పండగ. ఛాతీ డాక్టరు మెచ్చుకున్నాడు. వచ్చినవాళ్లందరికీ ఆ గలీబులు చూపించేది. ఇరవై తొమ్మిదేళ్ల ఉద్యోగంలో తన చేతిమీదుగా పొగ మానినవాళ్లలో ఇంత మొండిఘటం ఇంకొకరు లేరట.

రెండో వారంలో టైలరు మందకొడిగా తయారయ్యాడు. మధ్యాహ్నం అన్నం పళ్లెంలోకే తల వాల్చేవాడు. చొంగ కారేది. మాట ముద్దగా వచ్చేది. పలకరిస్తే ఎంతోసేపటికి "ఆఁ" అనేవాడు.

"కింది పోర్షనాయన ఏమంటున్నాడు?" అని ఒకసారి అడిగాను.

చాలాసేపు ఆలోచించి, "ఖాళీ చేసినట్టున్నాడు" అన్నాడు.

అది విని నవ్వాను, నవ్వినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఛాతీ డాక్టరు రక్తంలో వాయువుల పరీక్ష చేయించి, "ఊపిరితిత్తుల వల్ల కాదు, మనసు డాక్టరును అడగండి" అన్నాడు. మంగళవారం మాత్రమే వచ్చే మనసు డాక్టరు, "ఇరవై ఏళ్లుగా అదే మాత్ర, అదే మోతాదు. దానివల్ల అయ్యుండదు, ముసలితనపు మతిమరుపేమో" అన్నాడు. ఇద్దరూ మంచివాళ్లే. ఇద్దరూ తలుపు దగ్గర ఒకరికొకరు దారిచ్చుకున్నట్టు పక్కకు తప్పుకున్నారు, తలుపు దాటినవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

దెబ్బ చెల్లెలి మీద పడింది. పళ్లెంలో తల పెట్టి నిద్రపోయే మనిషిని ఇంట్లో ఒక్కణ్నే వదిలి ఆమె పనికి ఎలా వెళ్తుంది? ఊరవతల ఇలాంటివాళ్లను శాశ్వతంగా ఉంచుకునే హోము ఒకటుంది. అందులో ఒక మంచం ఖాళీ అయింది. శుక్రవారం సాయంత్రంలోగా కాగితం మీద సంతకం పెట్టకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తారు, తర్వాత ఎన్నేళ్లకో. ఒకసారి వెళ్లినవాళ్లు అక్కడినుంచి ఇంటికి రావడం అరుదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చేతిసంచిలో పెట్టుకుని తిరిగేది.

బుధవారం మధ్యాహ్నం లాండ్రీ మూట వచ్చింది. చిన్న సిస్టరు విప్పుతూ పకపకా నవ్వింది.

"చూశారా పెద్ద సిస్టర్? ఈ గలీబుకు మూతి కూడా కుట్టేశాడు మీ టైలరు. ఇక దిండు ఎక్కడినుంచి తొడగాలో!"

పెద్ద సిస్టరు నవ్వలేదు. ఆ గలీబు అందుకుని తేదీ చూసింది. మిగతావన్నీ వెతికి తీయించి, నా మంచం మీద, ఖాళీగా ఉన్న నా ఎదుటి మంచం మీద తేదీల వరసన పరిచింది. పదమూడు. మొదటి ఐదింటికి కుట్లు గీత గీసినట్టున్నాయి. ఆరోదానిలో కాస్త పక్కకు ఒరిగాయి. తొమ్మిదోదానిలో ఒక కుట్టు వేలంత, ఒక కుట్టు గింజంత. పదకొండోదాంట్లో దారం వదిలేసిన చోట ముడి లేదు. పదమూడోది మూతి మూసుకుపోయింది.

"సరిగ్గా సిగరెట్టు మానిన ఆరో రోజునుంచి," అంది మెల్లగా.

చాలా ఏళ్ల కిందట ఇలాంటి మాత్రే వాడే ఒక మనిషి బాగై ఇంటికెళ్లి, మళ్లీ సిగరెట్లు మొదలుపెట్టి, మళ్లీ గొంతులు వినిపించి తిరిగొచ్చాడట. పొగ తాగేవాళ్ల కాలేయం ఈ మందును తొందరగా ఖర్చు చేసేస్తుందని అప్పటి డాక్టరు ఆమెకు చెప్పాడు. అది ఆమెకు బాగా గుర్తు. తాగితే మందు చాలదు. మరి మానితే? అదే మాత్ర ఒంట్లో పేరుకుపోతుంది. ఒక దారిలో పదిసార్లు వెళ్లినవాడు కూడా అదే దారిన తిరిగొచ్చేటప్పుడు మలుపు తప్పుతాడు. వెళ్లేటప్పుడు చెట్టు ఎడమన చూశాడు, వచ్చేటప్పుడు అది కుడిన ఉంటుంది. ఈ సంగతి నాకు కాళ్లతో తెలుసు. ఆమెకు ఆ మధ్యాహ్నం గలీబులతో తెలిసింది. పైగా సిగరెట్టు మానిన రోజునే మనసు డాక్టరుకు కబురు చేయాల్సింది తనే. సంబరంలో మరిచిపోయింది.

ఆమె గుట్టుగా ఉండిపోయి, ఎవరికీ చెప్పకుండా, డాక్టరు చెవిలో ఓ మాట వేసి సరిపెట్టి ఉండవచ్చు. నాలుగు నెలల్లో వెళ్లిపోయే మనిషి. కానీ గురువారం ఉదయం ఛాతీ డాక్టరు వచ్చినప్పుడు, మనసు డాక్టరును ఫోన్‌లో పెట్టించి, చెల్లెలిని కూడా మంచం దగ్గరకు పిలిచి చెప్పింది.

"పొరపాటు నాది సార్. పొగ మానిపించాను, మందు సంగతి చూసుకోమని చెప్పలేదు. రోజుకు ముప్పై తాగిన మనిషి ఒక్కసారిగా మానేశాడు. ఈ కుట్లు చూడండి."

"నేనూ అడగాల్సింది సిస్టర్. మోతాదు ఈ రోజే తగ్గిద్దాం. మందు ఎంత పేరుకుందో తేలడానికి రక్తం పంపండి. ఫలితం వారం పడుతుంది," అన్నాడు మనసు డాక్టరు.

చెల్లెలి మొహం ఎర్రబడింది. "అంటే నేను ఈపాటికే సంతకం పెట్టేసుంటే?"

పెద్ద సిస్టరు తల వంచలేదు. "పెట్టేసుంటే అక్కడా ఇదే మాత్ర ఇదే లెక్కన ఇచ్చేవాళ్లు."

"ఇప్పుడు పెట్టొద్దంటారా? మా అన్నయ్య లేస్తాడా?"

"లేస్తాడనుకుంటున్నానమ్మా. మాటివ్వలేను. ఈ రెండు రోజుల్లో తేడా కనపడకపోవచ్చు కూడా. తప్పు చేసినదాన్ని, నా మాట మీద సంతకం మానమని ఎలా అంటాను?"

ఇలాంటి చోట్ల కథలు చెప్పేవాళ్లు రోగిచేత శుక్రవారమే కళ్లు తెరిపిస్తారు. టైలరు తెరవలేదు. శుక్రవారం రోజంతా అలాగే మగతగా ఉన్నాడు. చొంగ కాస్త తగ్గిందని చిన్న సిస్టరు అంది కానీ ఆమెకు ఆశ ఎక్కువ. నాలుగింటికి హోమునుంచి ఫోను వచ్చింది. చెల్లెలు కిటికీ దగ్గర నిలబడి మాట్లాడింది. కాగితం సంచిలోంచి తీసి విప్పింది, మళ్లీ మడిచింది.

"వద్దండీ, ఇంకెవరికైనా ఇవ్వండి," అంది. ఫోను పెట్టేశాక పెద్ద సిస్టరు వైపు తిరిగి, "మీరు తప్పు చెప్పుకున్నారు గనక నమ్ముతున్నా. చెప్పుకోకుండా ధైర్యం చెప్పుంటే సంతకం పెట్టేసేదాన్నే," అంది. కోపం ఇంకా పూర్తిగా పోలేదు. గొంతులో తెలుస్తూనే ఉంది.

ఆ శని, ఆదివారాలు పెద్ద సిస్టరు సెలవు తీసుకోలేదు. గంటకోసారి వచ్చి మణికట్టు పట్టుకునేది. పన్నెండు. పదమూడు. పదిహేను. ఆదివారం సాయంత్రం ఆమె లెక్కపెడుతుండగా టైలరు కళ్లు తెరవకుండానే అన్నాడు:

"నాడి చూసి చూసి నా చెయ్యి అరిగిపోతోంది సిస్టరమ్మా."

మంగళవారానికి లేచి కూర్చున్నాడు. చెల్లెలు వచ్చీ రాగానే ఆమె రవిక చేతివైపు వేలు చూపించాడు. "ఎవరే కుట్టింది? అట్ట బైండింగు చేసినట్టుంది." ఆమె నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ రెండు తిట్లు తిట్టింది. రక్తం ఫలితం గురువారం వచ్చింది. ఉండాల్సినదానికి రెట్టింపు. మనసు డాక్టరు కొత్త మోతాదు ఖాయం చేశాడు. కింది పోర్షనాయన మళ్లీ వచ్చాడా అని చిన్న సిస్టరు అడిగితే, "సామాను దింపుతున్నాడు, చిన్న చప్పుడే," అన్నాడు టైలరు.

ఇంటికి పంపే రోజు పెద్ద సిస్టరు స్టూలు లాక్కుని కూర్చుంది.

"అన్నా, ఇంటికెళ్లాక మళ్లీ కాల్చాలనిపిస్తుంది. అబద్ధం ఆడకు, అనిపిస్తుంది. కాలిస్తే ఆ రోజే ఫోను చెయ్యి. కాలిస్తే మందు చాలదు, గొంతు పెరుగుతుంది. మాత్ర లెక్క డాక్టరు మార్చాలి."

"ఫోను చేస్తే తిడతావుగా?"

"తిట్టను."

"తిట్టకపోతే ఇంక మానడం ఎందుకు?" అన్నాడు. చెల్లెలు ఆయన భుజం మీద చిన్నగా ఒకటి వేసింది.

లిఫ్టు వద్దన్నాడు, నడుస్తానన్నాడు. పెద్ద సిస్టరు అప్పటికే కొత్తగా వచ్చిన మనిషి మంచం దగ్గర ఉంది. అతని కాగితంలో మొదటి ప్రశ్న అడుగుతోంది: రోజుకు ఎన్ని సిగరెట్లు? మెట్ల తలుపు తెరిచి ఉంది గనక నాకు వాళ్లిద్దరూ కనిపించారు. మొదటి మలుపు దగ్గర ఆయనకు ఆయాసం వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. చెల్లెలు సంచి కింద పెట్టి పక్కనే కూర్చుంది. పదమని అనలేదు. ఆ రోజుకు ఆమె పనికి సెలవు పెట్టింది.