మెడ నరానికి దాణా

మా ఆవిడ నెత్తుటిలో ప్రొటీన్ పెంచింది నేనే. మొయినాబాద్‌లో మా పాలకేంద్రానికి వచ్చే ఎవరినైనా అడగండి, చెబుతారు. వాళ్లందరికీ చెప్పింది కూడా నేనే అనుకోండి.

పోయిన వానాకాలం ఆమె పేగుకు చిల్లు పడింది. ఆపరేషన్ చేసి ఐసీయూలో ఉంచారు. నోట్లో నీటిచుక్క కూడా పోయనివ్వలేదు. మెడ నరానికి గొట్టం పెట్టి, పాలలా తెల్లగా ఉన్న సంచి వేలాడదీశారు. చక్కెర, కొవ్వు, ప్రొటీన్ సరుకు అన్నీ అందులోనే ఉన్నాయన్నారు.

నాకు ధైర్యం వచ్చింది. పాలలో వెన్న తగ్గితే బర్రెకు దాణాలో పల్లిచెక్క, పత్తిగింజలు పెంచుతాం. కొన్నాళ్లకు వెన్న కొలిచే మిషన్ మీద అంకె లేస్తుంది. ఇక్కడా అంతేననుకుని, పరీక్ష చేసినప్పుడల్లా అల్బుమిన్ ఎంతని అడిగేవాణ్ణి. అది నెత్తుటిలో ఉండే ప్రొటీన్. పెరగలేదు సరికదా, దిగింది. ఆమె కాళ్లు ఉబ్బాయి. ఆ అంకె దిగినప్పుడల్లా మనిషే చేజారిపోతున్నట్టు ఉండేది.

ఆమె మంచం దగ్గరే డాక్టరమ్మను నిలదీశాను.

"మేడమ్, సంచిల నీళ్లు కలిపిన్రా ఏంది? జర చిక్కటిది ఎక్కియ్యున్రి. మా బర్రెకైతే దాణా పెంచుతం."

"తాతా, ఈమె బర్రె కాదు. ఒంట్ల ఇన్ఫెక్షన్ మండుతున్నది. కాలేయం దాంతోని కొట్లాడే ప్రొటీన్లు చేసుట్ల పడి, అల్బుమిన్ పని పక్కకు పెట్టింది. ఉన్నది గూడ నరాల్ల నుంచి బయటికి ఊరుతున్నది. సంచి ఆమెకు బలమిస్తది గని, ఎక్కువ ఎక్కిస్తే షుగర్ పెరుగుతది. అంకె మాత్రం ఇప్పుడే లేవదు."

"మరెప్పుడు లేస్తది?"

"ఆ మంట ఆరినంక."

అయినా ఊరుకున్నానా? సంచి జర జోరుగా వదలమని నర్సమ్మను బతిమాలాను. బయటికి నడవమంది.

నా మాటకు జడిసి సంచి చిక్కగా చేశారని, తెల్లారేసరికి ప్రొటీన్ ఎగిరిందని పాలకేంద్రంలో చెప్పిందంతా సాగదీసిందే. సంచి మారలేదు. ముందు జ్వరం దిగింది, తర్వాత వాపు తీసింది. ఇంటికొచ్చి జొన్నగటక తాగడం మొదలుపెట్టాక గానీ అల్బుమిన్ సరిగ్గా లేవలేదు.

ఇంత నిజాయితీగా రాశాను కదా అని ఆమెకు చదివి వినిపించాను. బియ్యం ఏరుతూ తల కూడా ఎత్తలేదు.

"డాక్టరమ్మను నిలదీసినవా? నేను మంచం మీద పండుకొని చూడలేదనుకున్నవా? చిన్న పోరని లెక్క ఎక్కెక్కి ఏడ్చినవ్. పాపం, ఆమెనే నీకు నీళ్లు తాపింది. నాకు చుక్క ఇయ్యలే, నా ముంగట నువ్వు గ్లాసెడు తాగినవ్."