అయ్యవారు పంచేసిన పేజీలు

మీరు ఆయన్ని చదవలేదు. బుకాయించకండి. మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం దాకా, ముప్పై ఏళ్ల పాటు బస్సుల్లోనూ టీ అంగళ్లలోనూ ఆయన స్వయంగా మీ చేతుల్లో పెట్టిన పదహారు పేజీల బొమ్మల కథల పుస్తకంతో మీలో చాలామంది సీటు తుడుచుకున్నారు. చదివే అలవాటున్న పెద్దమనుషులేమో "పిల్లలకు బాగుంటాయి" అని పక్కన పడేశారు. ధర పడిపోయి టమాటాలను రోడ్డు మీద పారబోసిన రైతు కథ ఏ పిల్లలకండీ?

ఆ పుస్తకాలు గీసి, తానే అచ్చేసుకున్న మా డ్రాయింగు అయ్యవారు పోయిన మంగళవారం పొద్దున పుంగనూరులో కన్నుమూశారు. పేపర్లో రెండు వాక్యాలు వచ్చాయి, విశ్రాంత ఉపాధ్యాయుడని. కామిక్స్ గీసేవారన్న ముక్క అందులో లేదు.

హైస్కూల్లో ఆయన దగ్గర చదివినా నాకు బొమ్మలు అబ్బలేదు. నేను గీసిన మామిడికాయను తిప్పి తిప్పి చూసి, "ఇది ఏమని నువ్వే సెప్పప్పా, అదే అనుకోని మార్కులేస్తాను" అన్నారు. కొట్టడం తెలియని మనిషి.

ఆయన పని తీరు వేరు. రాజులూ రాక్షసులూ ఆయనకు అక్కర్లేదు. సదుం పక్క పల్లెలో పుంగనూరు ఆవును పెంచిన ఒకామె కథ గీశారు. ఆ పొట్టి ఆవును ఎవరో డబ్బున్నాయన ఫొటోల కోసం తోటబంగళాకు కొనుక్కుపోతే, ఆమె చేతిలో పలుపుతాడు మాత్రం మిగులుతుంది. కుప్పంలో తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరుకు పనికి పోయే తాపీ మేస్త్రీ కథ గీశారు. గీసిన పేజీలు సంచిలో పెట్టుకుని మళ్లీ వాళ్ల దగ్గరికే పోయేవారు. బొమ్మ పక్కన బుడగలో రాసిన ప్రతి మాటా వేలు పెట్టి చదివి వినిపించేవారు. "నేనట్ల అనలేదే" అంటే చాలు, ఆ బుడగ మీద తెల్లకాగితం పట్టీ అతికించి, వాళ్లు చెప్పిన మాట రాసేవారు. మేస్త్రీ మాటల జోలికి పోలేదు. "నా మీసం ఇంత పల్సగా యాల గీసినావయ్యోరా?" అని నిలదీశాడు. మీసం మీద కూడా పట్టీ పడింది.

అందరూ ఒప్పుకున్నాక మదనపల్లెలో జిరాక్సు తీయించి, మడిచి, రెండు పిన్నులు కొట్టేవారు. ఒకసారి ఒక గ్రంథాలయానికి తీసుకుపోతే, పిన్నులు కొట్టింది పుస్తకం కాదన్నారట. ఆయన నవ్వుతూ చెప్పారు. నాకు మాత్రం ఇప్పటికీ మండుతుంది.

అన్నీ అయ్యాక, చేత్తో గీసిన అసలు పేజీలను ఎవరి కథ వాళ్లకు ఇచ్చేసేవారు. ఒక్కటి కూడా దాచుకోలేదు. దీని మీద ఆయనతో ఎన్నిసార్లు తగువు పడ్డానో!

"రేపు ఎవురైనా మళ్లీ అచ్చేయాలంటే యాడ ఎతుకుతారు అయ్యోరా?"

"వాళ్లిండ్లకు పోయి అడుగుతారు. పోనీప్పా. ఆ సాకుతోనన్నా పోతారు గదా."

ఒకసారి ఆయన నన్నూ గీశారు. మదనపల్లె మార్కెట్టు ముందు టమాటా రైతుల సభలో నేను గొంతు చించుకున్న రోజది. పేజీ నిండా నా నోరే. వెనకాల ఇద్దరు ఆడవాళ్లు టమాటాలు ఏరుతున్నారు, తల కూడా ఎత్తకుండా. వాళ్ల బుడగల్లో ఉన్న మాటలివి:

"ఆయప్ప ఎవురి మీద అరుస్తాండాడు?"

"మన తరపున మాట్లాడతాండాడంట."

"అట్లనా! మనల్ని ఒక మాటన్నా అడగలేదే."

అసలు పేజీ ఇవ్వడానికి ఆయన మా ఇంటికి వచ్చారు. నేను మండిపడ్డాను. ఇది అవతలివాళ్ల చేతికి కర్ర ఇవ్వడమేనన్నాను. ఆయన ఓపిగ్గా విని, జేబులోంచి జిగురు సీసా తీశారు. "దీంట్లో ఆయమ్మ అనని మాట యాడుండాదో సూపించు. పట్టీ ఏస్తాను." నేను చూపించలేకపోయాను. పేజీ మాత్రం తీసుకోనన్నాను. "సరేప్పా, కోపం తగ్గినాక రా. ఎత్తిపెట్టి ఉంటాను" అని లేచారు.

ఎనిమిదేళ్లు. కోపం నెలలోపే తగ్గింది. పోవడానికి మొహం చెల్లలేదు. బస్సులో కలిసేవాళ్లం, వాదించుకునేవాళ్లం, కొత్త పుస్తకం నా ఒళ్లో పడేసి ఆయన దిగిపోయేవారు. ఆ పేజీ సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు పుంగనూరు బస్టాండులో బస్సు ఆగినప్పుడల్లా నా మెడ దానంతట అదే ద్వారం వైపు తిరుగుతోంది. గుడ్డసంచులు పట్టుకుని ఎవరెవరో ఎక్కుతారు.

మూడో రోజు వాళ్ల ఇంటికి పోయాను. ఆయన కూతురు ట్రంకుపెట్టె తెరిచి చూపించింది. బ్రష్షులు, తెల్లకాగితాలు, కత్తిరించి పెట్టుకున్న పట్టీలు. ముప్పై ఏళ్ల పనిలో ఒక్క పేజీ లేదు.

"మీ బొమ్మ గోడకు తగిలించి ఉండె అన్నా" అంది. "పోయినేడు నిమ్మనపల్లె నుంచి ఒకమ్మ వచ్చినాది, ఆ టమాటాలు ఏరే ఆమే. తన బొమ్మ యాడన్నా ఉండాదా అని అడిగింది. మా నాయన గోడ మీదనుంచి దించి, 'ఆయప్ప ఇంక రాడులేమ్మా, నువ్వు తీసుకో' అని ఇచ్చేసినాడు."

గోడకు మేకు ఉంది. నేను దాని కిందే కూర్చుని ఆమె ఇచ్చిన కాఫీ తాగాను.

ఆయన వేసిన పుస్తకాలు నలభైకి పైనే. నా దగ్గర పదకొండున్నాయి. ఆయన ఇంట్లో అవి కూడా లేవు. మిగతావన్నీ మీ దగ్గరే ఉన్నాయి, లేదా ఎక్కడా లేవు. కాబట్టి అడుగుతున్నాను:

ఒకటి: అటక మీద, బీరువా అడుగున, అంగట్లో పాత పేపర్ల కట్టల్లో వెతకండి. రెండు పిన్నుల పుస్తకం కనబడితే చించకండి.

రెండు: మీ ఇంట్లోవాళ్ల బొమ్మతో, పట్టీలతో దళసరిగా ఉన్న పేజీ ఉంటే, ఫొటో తీసి ఆయన కూతురికి ఇవ్వండి. పేజీ మీదే. మీ ఇంట్లోనే ఉంచుకోండి.

మూడు: ఆ గ్రంథాలయం వాళ్లు ఒక అర ఖాళీ చేయాలి.

నాలుగు: ఈసారి చదవండి.

ఐదు: నిమ్మనపల్లె అమ్మా, మీ పేరు కూడా నాకు తెలియదు. ఆ పేజీ మీ గోడ మీదే ఉండనివ్వండి. ఒక్కసారి నన్ను రానివ్వండి. గడప దగ్గర కూర్చుని చూసుకుంటాను. మీరు చెప్పాల్సింది చెప్పేదాకా నోరు తెరవను.