అన్నయ్య ఒంట్లో నా కణాలు

అన్నయ్య కాలేయం పూర్తిగా చెడిపోతే, నా కాలేయంలో కొంత భాగం తీసి అతనికి పెట్టారు. విజయవాడలో ఆపరేషన్ బాగా జరిగింది. నేను పాఠాలు చెప్పే బడికి సెలవు పొడిగించి, తిరువూరులో వాళ్లింట్లోనే ఉన్నాను. నెల దాటాక ఒక ఉదయం అన్నయ్య అరచేతులు ఎర్రగా కందిపోయి కనిపించాయి. చెవుల వెనక దద్దుర్లు.

“ఎండలకి చెమటకాయలై ఉంటాయిలే,” అంది వదిన.

మామిడికోతల రోజులు, ఉక్క విపరీతంగా ఉంది. నేనూ నమ్మాను. సాయంత్రానికి ఎరుపు ఛాతీకి పాకింది, జ్వరం వచ్చింది. మర్నాడు విరేచనాలు పట్టుకున్నాయి. కారులో విజయవాడ బయల్దేరాం. ఎ.కొండూరు దాటేలోపే పదేపదే ఆపాల్సి వచ్చింది. వదిన పెదవులు కదులుతూనే ఉన్నాయి, ప్రార్థన చేసుకుంటోంది.

పరీక్షల్లో కాలేయం చక్కగా పనిచేస్తోందని తేలింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. డాక్టరుగారి ముఖం మాత్రం తేటపడలేదు. తెల్లకణాలు బాగా పడిపోయాయట. చర్మం ముక్క తీసి పరీక్షకి పంపించారు. అన్నయ్య రక్తంలో ఎవరి కణాలున్నాయో కూడా చూడమన్నారు. ఫలితాలు వచ్చాక మా ఇద్దరినీ పిలిచారు.

“లివర్‌తోపాటు మీ తెల్లకణాలు కూడా కొన్ని వెళ్తాయమ్మా. మామూలుగా అవతలివాళ్ల ఒళ్లు వాటిని చంపేస్తుంది. ఈయనలో అవి బతికి పెరిగాయి. ఇప్పుడు ఈయన ఒంటినే పరాయిదనుకుని దాడి చేస్తున్నాయి. చాలా అరుదు.”

“నా కణాలా?” అన్నాను.

“బతుకుతారా అండీ?” వదిన అడిగింది.

ఆయన రిపోర్టు పక్కన పెట్టారు. “కష్టమేనమ్మా. స్టెరాయిడ్లు మొదలుపెడదాం,” అన్నారు.

ఆ తర్వాత అన్నయ్య గదిలోకి వెళ్లలేకపోయాను. నేను దగ్గరికెళ్తే జబ్బు ముదురుతుందేమోనని భయం. అర్థంలేనిదని తెలిసినా పోలేదు. వదిన ముఖం చూడాలన్నా బెదురే. చివరికి ఆవిడే వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

“నిన్నే అడుగుతున్నారు. రా.”

మాస్కు పెట్టుకుని వెళ్లాను. అన్నయ్య పెదవులు పగిలి మాట సరిగా రావడం లేదు.

“చిన్నప్పుడు కొట్టింది చాల్లేదా నీకు?” అన్నాడు.

నవ్వబోయి ఏడ్చేశాను.

“ఏడవకే. నువ్వివ్వకపోతే నేను ఈ వేసవి చూసేవాణ్ణే కాదు.”

చర్మం పొరలుపొరలుగా ఊడింది. ఒకసారి ఇన్ఫెక్షన్ వచ్చి ఐసీయూకి మార్చారు. డాక్టర్లు మా కళ్లలోకి చూడకుండా మాట్లాడారు. అక్కణ్నుంచి ఎలాగో తేరుకున్నాడు. అతని సొంత తెల్లకణాలు మెల్లగా పెరిగాయి. వానలు పడ్డాక, చిక్కి సగమైన మనిషిని ఇంటికి తెచ్చుకున్నాం.

ఇప్పటికీ మందులు వాడుతున్నాడు. వాళ్లింటినుంచి వేళకాని వేళ ఫోనొస్తే ఎత్తడానికి నాకు చెయ్యాడదు. నిన్న అలాగే మోగింది. వదినే.

“చేపల పులుసు పెట్టాను. ఆయన నువ్వొస్తేగానీ తిననంటున్నారు, తొందరగా రా.”